చూడకుండా కొట్టిన లైకు

ఆమె పూర్తి పేరు మూడు మాటల్లో, గుండ్రని అక్షరాలతో, కుట్టుమిషను వెనుక గోడకు వేలాడే పురపాలక సంఘం అనుమతిపత్రం మీద ఉండేది. ఆ పటం అద్దం తుడిచి చదివే తీరిక ఎవరికీ లేకపోయింది. పని చేస్తున్నంతసేపూ పెదవుల మధ్య నాలుగైదు గుండుసూదులు బిగించుకొని, వాటి సందుల్లోంచే మాట్లాడేది కనుక వీధి వీధంతా ఆమెను గుండుసూది అనే పిలిచేది. ఎదుట మాత్రం అక్క.

లైబ్రరీ కౌంటరులో పనిచేసే అమ్మాయి ఆ దుకాణం మెట్టు తొలిసారి ఎక్కింది తన ఇరవై తొమ్మిదో ఏట. అప్పటికే ముగ్గురు దర్జీలను చూసి విసిగిపోయి ఉంది. ఆమె ఎడమ భుజం కుడి భుజం కంటే అంగుళమున్నర కిందికి ఉంటుంది, పుట్టుకతో వచ్చినది. మొదటి దర్జీ "అయ్యో పాపం" అన్నాడు. రెండోవాడు వ్యాయామాలు చెప్పాడు. మూడోవాడు కొలతలు తీస్తూ ఆ రెండు అంకెలనూ దుకాణం అవతలి చివర రాసుకుంటున్నవాడికి కేకవేసి చెప్పాడు; బెంచీ మీద ఎదురుచూస్తున్న నలుగురూ తలలెత్తి చూశారు. అందుకే ఈసారి ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చింది.

"ఏం కావాలి?" అని సూదుల మధ్యనుంచి వచ్చింది ప్రశ్న.

"కోటు కుట్టించుకుందామని. కానీ నాకండీ..."

"వెనక్కి తిరుగు."

గుమ్మానికి తెర పడింది. టేపు మెడ దగ్గర మొదలై ఒక భుజం మీదికి, మళ్ళీ మెడ దగ్గరికి వచ్చి రెండో భుజం మీదికి నడిచింది. "అయ్యో" లేదు, సలహా లేదు. గుండుసూది పొడుగాటి పుస్తకం తెరిచి అంకెలు వేసుకుంది. ఆ పుస్తకంలో పేర్లు లేవు. ఒక్కో పేజీ పైన ఒక్కో బొమ్మ ఉంది. ఒకచోట గొడుగు, ఒకచోట తాళంచెవి. కొత్త పేజీ పైన ఆమె కిటికీ గీసింది.

"కిటికీ ఎందుకండీ?"

"వచ్చినప్పట్నుంచీ దానివైపే చూస్తున్నావుగా, ఎప్పుడు పారిపోదామా అని. ఈ పుస్తకం రేపు ఎవడి చేతిలో పడినా ఎవరి నడుమెంతో వాడికి తెలియకూడదు."

పది రోజుల తర్వాత బూడిదరంగు కోటు, వెడల్పాటి గోధుమరంగు బొత్తాలతో, సిద్ధమైంది. ఎడమ భుజం కింద ఉన్ని పొరలు మెట్లు మెట్లుగా పరిచి, జేబును వెంట్రుకవాసి పైకి జరిపి, అంచును దానికి తగ్గట్టు కత్తిరించింది. అద్దంలో రెండు భుజాలూ సమంగా నిలిచాయి. ఏం చేశారని అడిగితే, "కుట్టాను. అందుకే కదా వచ్చావు?" అంది గుండుసూది.

అలా ఇరవై రెండేళ్ళు. లైబ్రరీ అమ్మాయి లైబ్రరీ అమ్మగారైంది. కోట్లు మారాయి, బొత్తాలు మాత్రం ఒక కోటు నుంచి మరో కోటుకు వలస వెళ్ళాయి. కౌంటరు ముందు నిలబడ్డ ఏ ఒక్కరూ ఆమె భుజం వైపు రెండోసారి చూడలేదు. "మీరు" కాస్తా "నువ్వు" అయింది.

గుండుసూదికి పద్నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే ఇల్లు వదిలాడు. ఆరేళ్ళ తమ్ముణ్ణి మిషను పక్కన నేలమీద కూర్చోబెట్టి, గుడ్డముక్కలతో ఆడిస్తూ పెంచింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో "ముందు వీడి పాంటు పొడుగు చెయ్యనివ్వండి" అనేది. ఆ పాంటు పొడుగవుతూనే పోయింది. తమ్ముడు ఉద్యోగస్థుడై, భార్యతోనూ కొడుకుతోనూ పై అంతస్తులో కాపురం పెట్టాడు. కింద దుకాణమూ, దాని వెనుక గదీ అక్కవి.

పనిలో ఆమె కొరకరాని కొయ్య. కొత్త దారపు ఉండ వస్తే తెల్లగుడ్డలో చుట్టి వారం రోజులు నీళ్ళలో నానబెట్టేది. గుడ్డకు ఏ కాస్త రంగు అంటినా ఆ ఉండ ఇక సూది ముఖం చూసేది కాదు. తడిపి ఆరవేయని బట్ట మీద కత్తెర పెట్టేది కాదు. ఒకసారి ఒకావిడ నవ్వుతూ, "పక్కింటామె నడుము ఈమధ్య ఎంతయిందో చెప్పరూ" అని అడిగింది. గుండుసూది ఆమె బట్టను మడిచి ఆమె చేతిలోనే పెట్టింది. "నా దగ్గర టేపే ఉందమ్మా, నోరు లేదు. ఇంకో దుకాణం చూసుకో."

అంత పట్టుదల గల మనిషి ఒక్కచోట మాత్రం కళ్ళు మూసుకుంది. అది ఫోను.

ఫోను మేనల్లుడు కొనిచ్చాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, దారినపోయేవాళ్ళ నడకనూ మాటనూ వెక్కిరించి వీడియోలు చేస్తాడు. అరవై వేలమంది వాణ్ణి అనుసరిస్తున్నారని ఇంటిల్లిపాదికీ గర్వం. వీడియో పెట్టిన మొదటి అరగంటలో ఎన్ని లైకులు పడితే అంత మంచిదని వాడు చెప్పిన మీదట వాడి తల్లి బంధువులందరికీ ఒక గ్రూపు కట్టింది. తెల్లవారి ఏడింటికి "అందరూ కొట్టారా?" అని అందులో ఆమె హాజరు తీసుకునేది. కొట్టనివాళ్ళను పదింటిలోగా పేరుపేరునా నిలదీసేది. ఫలానా పిన్నిగారి ఆడపడుచునూ, ఆవిడ తోటికోడలి తమ్ముణ్ణీ ఫాలో అవ్వమని కూడా ఆ గ్రూపులోనే ఉత్తర్వులు వచ్చేవి. గుండుసూది ఎవరినీ కాదనలేదు.

ఆమె మిషనుకు నూనె పోసి, ఆ నూనె వేలితోనే ఎర్ర గుండె మీద ఒక్కటి నొక్కి, ఫోనును చీరముక్కతో తుడిచి పక్కన పెట్టేది. పళ్ళు తోముకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఒక్క వీడియో చూసింది లేదు. ఉన్న చూపు సూదికే చాలడం లేదనేది.

"మావాణ్ణి ఫాలో అవ్వు. నా మాటగా," అని లైబ్రరీ అమ్మగారిని కూడా అడిగింది. ఆమె అయింది. వాడి వీడియోల్లో కొన్ని చూసింది. బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడే కునుకు తీసే ముసలి కాపలాదారుణ్ణి వాడు అనుకరించినప్పుడు నవ్వింది కూడా. ఆ కాపలాదారు వారానికి రెండు డిటెక్టివ్ నవలలు తీసుకెళ్ళే పాఠకుడు. మర్నాడు అతని పుస్తకం మీద తేదీ ముద్ర వేస్తున్నప్పుడు ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ సంగతి తర్వాత ఆమెను చాలాకాలం కాల్చింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమె సిబ్బంది గదిలోకి అడుగుపెట్టేసరికి, ఒక ఫోను చుట్టూ మూగిన ముగ్గురూ ఒక్కసారిగా నవ్వు మింగేశారు. ఒకామె అవసరం లేకుండా కుళాయి తిప్పింది. లైబ్రరీ అమ్మగారు ఏమీ అడగకుండా తన ఫోను తీసి చూసుకుంది.

తన కోటు. లోపలి అస్తరు మార్చమని నాలుగు రోజుల క్రితం దుకాణంలో ఇచ్చి వచ్చిన బూడిదరంగు కోటు, మేనల్లుడి ఒంటిమీద ఉంది. వాడు భుజంలోని ఉన్ని పొరలను ఒక్కొక్కటే బయటికి లాగాడు. "చూశారా, భుజంలో పరుపులు! ఇంకో రెండుంటే పడకగదే!" అన్నాడు. తర్వాత ఒక భుజం వంచి, పుస్తకాల మీద ముద్ర వేస్తున్నట్టు గాలిలో కొడుతూ, దుకాణమంతా నడిచాడు. చివర పొడుగాటి పుస్తకం తెరిచి కిటికీ బొమ్మ పేజీ చూపించాడు. రెండు భుజాలకూ రెండు అంకెలు, తెర నిండా.

కింద వేల గుండెలు. వాటిలో తనకు తెలిసినవాళ్ళవి ముందు కనబడతాయి. అన్నిటికంటే ముందు సూదులు గుచ్చిన చిన్న దిండు బొమ్మ ఉంది. అది గుండుసూది ఖాతా బొమ్మ.

అరికాలి మంట నెత్తికెక్కింది. పై అధికారికి చెప్పను కూడా చెప్పకుండా, ఈ నాలుగు రోజులూ తొడుక్కుంటున్న పాత కోటును కుర్చీకే వదిలేసి, ఆమె నాలుగు వీధులు నడిచి దుకాణంలోకి వచ్చింది.

"నా కోటు ఇచ్చెయ్యి."

"అస్తరు ఇంకా వెయ్యలేదు. రేపు..."

"వెయ్యకపోయినా ఇచ్చెయ్యి. నా పేజీ చింపి ఇచ్చెయ్యి. ఇరవై రెండేళ్ళు కడుపులో దాచుకున్నట్టు నటించి, ఇవాళ వీధిలో ఆరేశావే! పైగా నచ్చిందని గుండె కూడానా?"

"ఏ గుండె? ఏం మాట్లాడుతున్నావు?"

ఆమె ఫోను మిషను మీద పెట్టింది. గుండుసూది కళ్ళజోడు సవరించుకుని చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. తర్వాత పెదవుల మధ్యనుంచి సూదులను ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. అయిదు సూదులు. దుకాణంలో ఆమె నోరు ఖాళీగా ఉండడం లైబ్రరీ అమ్మగారు అదే మొదటిసారి చూడడం.

"ఇది... నేను కొట్టానా?"

"పొద్దున్నే. అందరికంటే ముందు."

"చూడలేదే. ఒట్టు, చూడలేదు."

"చూడకుండా ఎలా కొడతావక్కా?"

"తమ్ముడి కొడుకు కదా. రోజూ కొడతాను."

"దారప్పోగును వారం నానబెట్టి గాని నమ్మవు! వాణ్ణి ఒక్కరోజు నానబెట్టి చూశావా? వాడు రోజుకొకడి తోలు వలుస్తుంటే శభాష్ అంటూ కూర్చున్నావు!"

గుండుసూది ముఖంలో నెత్తుటిచుక్క లేదు. కానీ ఆమె తలదించుకునే రకం కాదు.

"నువ్వు చూసేదానివేగా? ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నావుగా? వీడు ఇలాంటివాడని ఒక్క ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"నీ మేనల్లుడు కదా అని. నీ మీద గౌరవం కొద్దీ..."

"నీ గౌరవం తగలెయ్య! నాది ప్రేమా, నీది గౌరవమూ! ఇద్దరం కలిసి వాణ్ణి బాగానే మేపాం."

ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళి పైకి కేకవేసింది. ఆ గొంతు విని తమ్ముడూ, మరదలూ, మేనల్లుడూ ఒకరి వెనుక ఒకరు దిగి వచ్చారు.

"సరదాకి చేశాను అత్తయ్యా. పేరెక్కడా చెప్పలేదు కదా," అన్నాడు మేనల్లుడు.

"కోటు చెప్పిందిరా! ఆ బొత్తాలు ఊళ్ళో ఇంకెవరికున్నాయి? నా పుస్తకం ఎలా తీశావు?"

"సొరుగులోంచి. భోంచేసి వస్తాను, దుకాణం చూస్తూ ఉండమని తాళాలు నువ్వేగా ఇచ్చావు. అయినా ఎనభై వేలమంది చూశారు తెలుసా? ఇంత బాగా ఇప్పటిదాకా ఏదీ ఆడలేదు."

"పోనీలే వదినా," అంది మరదలు. "పిల్లాడు నలుగుర్నీ నవ్విస్తున్నాడు. ఆవిడకి నొచ్చుకుంటే ఓ సారీ చెప్పేస్తాడు. చెప్పరా."

"సారీ ఆంటీ," అన్నాడు వాడు ఫోను మీదనుంచి కళ్ళెత్తకుండా.

"నాకక్కర్లేదు," అంది లైబ్రరీ అమ్మగారు. తన గొంతు అంత చల్లగా ఉండగలదని ఆమెకే తెలియదు.

"పిల్లాడా? వీడి వయసుకి నేను వీడి నాన్నని పదో తరగతి దాటించాను. ముందు అది తీసెయ్యరా. నా ఎదురుగా."

వాడు గొణుగుతూ తీసేశాడు. "తీసేస్తే మాత్రం? ఈపాటికి ఎంతమంది సేవ్ చేసుకున్నారో."

ఆ మాట విన్నాక గుండుసూది వాడి ముందుకు నడిచింది. చెయ్యి చాపింది. వాడు దుకాణం తాళాలు ఆ చేతిలో పెట్టాడు. ఆమె తన ఫోను తీసుకుని, లైబ్రరీ అమ్మగారి వైపు తిప్పింది.

"వీణ్ణి ఫాలో అవడం ఎలా మానెయ్యాలి?"

"అక్కా," అన్నాడు తమ్ముడు, అంతవరకూ నీళ్ళు నములుతూ నిలబడ్డవాడు. "వాడికిదే బతుకుతెరువు. ఇంట్లోవాళ్ళమే వదిలేస్తే బయటివాళ్ళెవరు చూస్తారు?"

"ఇంట్లోవాళ్ళం చూడకుండానే చూసినట్టు కొట్టబట్టే వాడిలా తయారయ్యాడు."

"ఒక్కరు పోతే నాకేం తగ్గదులే అత్తయ్యా."

"నీకేం తగ్గదు. నాకు సిగ్గు తగ్గుతుంది, కాస్త."

లైబ్రరీ అమ్మగారు చూపించిన చోట ఆమె వేలు పెట్టి నొక్కింది. మరదలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఒక్క వేలితో రక్తసంబంధం కోసేశావు వదినా!"

"సంబంధం కొయ్యలేదమ్మా. ఆకలేసి వస్తే ముద్ద పెడతాను. వాడి వెనకాల మాత్రం నడవను."

వాళ్ళు పైకి వెళ్ళిపోయారు. పదకొండు నెలలపాటు తమ్ముడు ఆమెతో మాట్లాడలేదు. తను పెంచిన పిల్లవాడు దుకాణం ముందునుంచే తలతిప్పుకుని ఆఫీసుకు వెళ్తుంటే, ఆమె ఆ నిమిషం మిషను మరీ వేగంగా తొక్కేది.

కానీ లైబ్రరీ అమ్మగారు అంత సులువుగా కరగలేదు. విప్పేసిన కోటును అలాగే సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. మర్నాటినుంచి పాత కోటు కూడా మాని స్వెట్టరులో, ఉన్న భుజాలతో కౌంటరులో నిలబడింది. మొదటి వారం చాలామంది చూశారు. ఒక చిన్నపిల్ల తల్లి చెవిలో ఏదో చెబితే, ఆ తల్లి పిల్ల నోరు నొక్కింది. ఆమెకు కోపం వచ్చింది. చూసినవాళ్ళ మీద, గుండుసూది మీద, అన్నిటికంటే తన మీద. కాపలాదారు పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చినప్పుడు, మీ మీద వచ్చిన వీడియో చూసి నేను నవ్వానని చెప్పి క్షమించమంది.

"నేనూ చూశానమ్మా," అన్నాడతను. "మా అల్లుడే పంపించాడు, చూసి నవ్వుకోమని." పుస్తకాలు కౌంటరు మీదికి జరిపి, "ఆ మూడో భాగం వచ్చిందా?" అని నవల సంగతి అడిగాడు.

ఆ సాయంత్రం ఆమె తన ఫోనులో తాను అనుసరిస్తున్న నూట పన్నెండు మందినీ తెరిచి చూసింది. మొహమాటానికి ఒకరు, ఆఫీసు మర్యాదకు ఒకరు, తిట్టుకుంటూ చూడడానికి ఇంకొకరు. ఒళ్ళు మండిపోయింది. ఏ పుస్తకం అలమారలోకి రావాలో కమిటీలో గంటలకొద్దీ పోట్లాడే తను, వీళ్ళందరినీ ఏ వాకిట్లోంచి రానిచ్చింది? ఆ వారం తిరిగేసరికి పదహారుమంది మిగిలారు.

మూడు వారాలకు గుండుసూది లైబ్రరీకి వచ్చింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. కౌంటరు ముందు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక మాట్లాడింది.

"కోటు ఇస్తావా, కుట్టి పెడతాను. వద్దంటే వద్దు. ఇంకో మాట. ఆ పుస్తకంలో ఉన్న ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళాను. మీ పేజీ కూడా మావాడి చేతిలో పడి ఉండొచ్చు, నాదే తప్పు, అని చెప్పాను. తొమ్మిదిమంది ఇక రామన్నారు. గొడుగావిడ తలుపే వేసేసింది."

"నువ్వు చెప్పకపోతే వాళ్ళకి తెలిసేది కాదుగా."

"నాకు తెలుసుగా."

వెనుక నిలబడ్డాయన దగ్గాడు. "ఆగవయ్యా, నీ పుస్తకం ఎక్కడికీ పారిపోదు," అని కసిరింది గుండుసూది. లైబ్రరీ అమ్మగారికి కోపంలోనే నవ్వు వచ్చింది. కోటు మరుసటి రోజు ఇచ్చింది. పొరలు మళ్ళీ వెయ్యమందా వద్దందా అని వీధిలో రెండు రకాలుగా చెప్పుకున్నారు. అది ఆ ఇద్దరికే తెలిసిన సంగతి, పేజీలో కూడా రాసుకోలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉదయం దుకాణం వెనుక గదిలో ఇద్దరూ కూర్చునేవారు. గుండుసూది ఫోనులో ఒకప్పుడున్న నలభై ముగ్గురిలో మిగిలింది అయిదుగురు. చిరిగిన తివాచీలు బాగుచేస్తూ ఒక్క మాటా మాట్లాడని మనిషి ఒకరు. పిట్టల పేర్లు చెప్పే ముసలాయన ఒకరు. "ఈయన నా లాంటివాడే, తెలియకపోతే తెలియదంటాడు," అనేది. కొత్తవాళ్ళను ఎవరైనా సిఫారసు చేస్తే, "నానబెట్టాను, వారం ఆగు," అనేది. వారం రోజులు ఏమీ నొక్కకుండా చూసేది. రంగు వదిలితే అంతే సంగతులు. మరదలు ఆ గ్రూపులో హాజరు తీసుకోవడం మాత్రం మానలేదు. ఆమె పేరు పక్కన రోజూ "కొట్టలేదు" అని పడుతూనే ఉండేది. దాన్ని ఆమె చిరిగిన బట్టకు వేసిన అతుకులా, దాచకుండా, అలాగే ఉంచింది.

ఆరేళ్ళ తర్వాత ఊపిరితిత్తులు మొరాయించి ఆమె ఆసుపత్రిలో చేరింది. లైబ్రరీ అమ్మగారు కోటు తొడుక్కుని ఆమెను చూడడానికి వెళ్ళింది. మధ్యాహ్నపు ఎండ మంచం సగానికి పడుతోంది. పొడుగాటి పుస్తకం అప్పటికే లేదు. చేరే ముందు రోజు గుండుసూది తన చేతులతో, పేజీ పేజీ నానబెట్టి, ముద్ద చేసి పారేసింది. సూదులు లేని పెదవులు పొడిబారి ఉన్నాయి.

"పొద్దున్న వచ్చాడు," అంది. "మేనల్లుడు. పాపం, ఏడ్చాడు కూడా. నా చెయ్యి పట్టుకున్నాడు ఒక చేత్తో."

"మంచిదే కదక్కా."

"రెండో చేతిలో ఫోను ఉంది."

లైబ్రరీ అమ్మగారు మంచానికి దగ్గరగా జరిగింది. గుండుసూది ఆమె కోటు బొత్తాన్ని వేలితో తిప్పి చూసి, దారం బిగువుగానే ఉందని తృప్తిపడి, వదిలింది.

"నేను పోగానే వీడియో పెడతాడు. మా అత్తయ్య దేవత అంటాడు. లక్షమంది కొడతారు. నువ్వు మాత్రం ముందు చూడు. మొత్తం చూడు. అందులో నిజం ఉంటే కొట్టు, లేకపోతే కొట్టకు. అంతేగాని చూడకుండా, నా మీద ప్రేమ కొద్దీ కొట్టావా, చచ్చినా సరే లేచొచ్చి నీ కోటు కుట్లన్నీ విప్పేస్తాను. సరేనా?"